ఇసుక పొర కింద

పోయిన వారం తుమ్మలవాగు గట్టున పంచాయితీ ఎటూ తెగకుండానే పొద్దుగూకింది. కొత్త కాలవ దర్శి దాటి పొదిలి వైపు సాగాలంటే ఆ వాగును దాటాలి. దాటడానికి ఆరు స్తంభాలు, వాటి మీద నీళ్ళు పారే కాంక్రీటు తొట్టి. నాలుగు స్తంభాలు లేచాయి. ఐదోదానికి ముగ్గు పోసి గుంట తవ్వబోతుండగా పని ఆపించినవాడు అంకారావు, మట్టి పరీక్షలకని గుంటూరు నుంచి వచ్చిన జూనియర్ ఇంజనీరు. ఐదుకీ ఆరుకీ నడిమధ్య అతను తన యంత్రంతో గుచ్చి చూశాడు. పైన రేగడి, దాని కింద మంచి ఇసుక పొర ఉంది. ఆరు మీటర్ల లోతున ఆ ఇసుక అయిపోయి మెత్తటి బంకమన్ను మొదలైంది. తొమ్మిది మీటర్ల దగ్గర మళ్ళీ గట్టి నేల తగిలింది. ఇసుకను నమ్మి స్తంభం కడితే, తొట్టి నిండా నీళ్ళొచ్చిన రోజున అది కుంగుతుందని అతని భయం. బావుల్లా లోతుకు దించే పునాదులు వేసి ఆ గట్టి నేల మీద ఆనించాలంటాడు. అలా చేస్తే నీళ్ళు ఇంకో ఏడాది వెనక్కి పోతాయి.

రెండేళ్ళుగా వానల్లేక మిరప తోటలు నిలువునా మాడిపోయిన రైతులు ఆ మాట వింటారా? అంకారావు సొంత మేనత్త వెంకాయమ్మే ఊరి జనాన్ని వెంటేసుకొచ్చి క్యాంపు ఆఫీసు ముందు బైఠాయించింది. చివరికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మొహిద్దీన్ బాషా ఒక మాటన్నాడు. "మధ్యలో ఎక్కడో గుచ్చింది లెక్కలోకి రాదు. ఐదో స్తంభం లేచేచోట, అందరి ముందూ, ఒక్క పరీక్ష. యంత్రం ముల్లు ఏం చెబితే అది. నేనూ కట్టుబడతాను, ఆయనా కట్టుబడాలి." అంకారావు సరేనన్నాడు.

సరేనని ఎందుకన్నానా అని అతను తెల్లవార్లూ తనను తానే తిట్టుకున్నాడు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు. నేల అన్నం కాదు. అడుగు తీసి అడుగు వేస్తే మారిపోతుంది. అది చదువుకున్నవాడు, చదివి నలుగురికీ చెప్పాల్సినవాడు, జనం కేకలకు తడబడి ఒక్క పరీక్షకు తలూపి వచ్చాడు.

మర్నాడు ఎండ ఇంకా ముదరకముందే జనం చేరారు. వాగులో నీటి చుక్క లేదు. నల్లరేగడి నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లో చెయ్యి మోచేతిదాకా దూరేట్టుంది. అంకారావు కింద పనిచేసే ఇమాం హుస్సేన్, బుడాన్ కలిసి యంత్రాన్ని ముగ్గు మధ్యలో నిలబెట్టారు. పెద్ద విచిత్రమేం కాదది. నాలుగు మర మేకులతో భూమిని కరిచి పట్టుకున్న ఇనప చట్రం, రెండు పక్కలా తిప్పే పిడులు, ఒకదాని మీద ఒకటి బిగించుకుంటూ పోయే రాడ్లు, అన్నిటికీ అడుగున జామకాయంత ఉక్కు మొన. ఆ మొన వెనకే ఒక తొడుగు. జానెడు లోతుకొకసారి ముందు మొనను మాత్రమే నొక్కుతారు, తర్వాత తొడుగుతో కలిపి నొక్కుతారు. నేల ఎంత బలంగా ఎదురుతిరిగిందో చదరపు సెంటీమీటరుకి ఇన్ని కిలోలని గేజి మీద ముల్లు చూపిస్తుంది.

"రెండుసార్లెందుకయ్యా నొక్కడం? ఒకసారి నొక్కితే చాలదా?" అని అడిగాడు బుల్లయ్య. పొగాకు రైతు. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు.

"ఇసుకైతే మొనకి అడ్డం తిరుగుతుంది, పక్కల్ని వదిలేస్తుంది. బంకమన్నయితే మొనకి దారిస్తుంది, పక్కల్ని పట్టుకుంటుంది. రెండూ చూస్తేగానీ కిందున్నది ఏదో తెలీదు," అన్నాడు అంకారావు.

"సరే, తిప్పించు. అదీ చూద్దాం."

పిడులు తిరిగాయి. మొదటి జానకే ముల్లు నలభై దాటింది. వెనక ఎవరో ఈల వేశారు. "రాయిరా! రాయి మీద కట్టనంటున్నాడు మనోడు!"

"ఇది మే నెల కాబట్టి అంత చూపిస్తోంది," అంకారావు గొంతు పెంచాడు. "కార్తీకంలో ఇదే మట్టిలో మీ ఎడ్లు పొట్టదాకా దిగబడవూ? ఎండిన రేగడి గట్టితనం గట్టితనం కాదు."

ఆ మాట మీద కొంచెం నవ్వులు పుట్టాయి, కొంచెం గొణుగుడు పుట్టింది. లోతుకు పోయేకొద్దీ తడి తగిలి ముల్లు పదిహేనుకు జారింది. నాలుగు మీటర్ల దగ్గర ఇసుక వచ్చింది. అరవై. తొంభై. నూటపది. బాషా ముల్లు మీదికి వంగి చూస్తున్నాడు. ఆయన కళ్ళద్దాల కింద చెమట కారుతోంది. పెద్దవాడు, పనిమంతుడు. సంతకం పెట్టడానికి తొందరపడే రకం కాదు. కానీ వర్షాల్లోగా తొట్టి పోయాలని పైనుంచి రోజూ ఒత్తిడి. అది అంకారావుకూ తెలుసు. తెలిసిన కొద్దీ కోపం ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు.

ఇసుకలోనే ఇంకో నాలుగు జానలు దిగాక ముల్లు ఎనభైకి తగ్గింది. తర్వాత అరవై. అంకారావు ముల్లు వైపే చూశాడు. ఇంకొక్క జాన. ఇంకొక్క జానలో ఇసుక అయిపోయి మెత్తటి మన్ను బయటపడుతుంది.

"తిప్పండి," అన్నాడు.

పిడులు సగం చుట్టు తిరిగి బిగుసుకుపోయాయి. ముల్లు ఎగిరింది. నూరు, నూటయాభై, రెండువందలు. ఇమాం హుస్సేన్ పళ్ళు బిగించి మీద పడ్డాడు. మొన దిగలేదు సరికదా, మర మేకులు మట్టిని పెళ్ళగించుకుని చట్రమే పైకి లేచింది.

"ఆపండి, ఆపండి!" అన్నాడు అంకారావు.

ఒక్కసారిగా జనం గోల పెట్టారు. తువ్వాళ్ళు గాలిలోకి లేచాయి. బాషా మెల్లగా నడుం నిటారు చేసుకుని, జేబురుమాలుతో అద్దాలు తుడుచుకున్నాడు. మామూలుగా 'ఏమయ్యా' అని పిలిచే మనిషి ఇప్పుడు గారు తగిలించాడు.

"అంకారావు గారూ, ఇక చాలా?"

"అది పొర కాదు సార్. గులకరాయి. ఇసుకలో ఎక్కడో ఒక రాయి ఉంది, సరిగ్గా మొన దాని నెత్తిన పడింది."

"మీరు చూశారా ఆ రాయిని?"

"చూడక్కర్లేదు సార్. ముల్లు చెప్పింది. కింద నిజంగా గట్టి పొరే ఉంటే మొన దాన్ని చేరకముందే ముల్లు పెరుగుతూ రావాలి. కిందేముందో మొనకి ముందే తెలుస్తుంది. ఇక్కడ నూటపది నుంచి ఎనభైకి, ఎనభై నుంచి అరవైకి పడుతూ వచ్చింది. అంటే అడుగున మెత్తటి మన్ను ఉందని. ఆ పడుతున్నది పడుతుండగానే రెండువందలకి ఎగిరిందంటే, మధ్యలో ఏదో ఒంటిది అడ్డం తగిలిందన్న మాట. ఒక మూడడుగులు పక్కకి జరిపి గుచ్చనివ్వండి. అంతే అడుగుతున్నాను."

 ఆ మాటలో పస లేదని బాషా ముఖం చెప్పలేదు. కానీ చుట్టూ అంతమంది జనం.

"మూడడుగులు పక్కన కూడా గట్టిగానే ఉందనుకోండి. అదీ రాయే అంటారు. అప్పుడు ఇంకో మూడడుగులు. మీకు కావలసిన జవాబు వచ్చేదాకా గుచ్చుతూ పోతారు. దాన్ని పరీక్ష అనరండీ."

ఆ మాట అంకారావుకి చెంపదెబ్బలా తగిలింది. కసురుకుంటే ఎదురు చెప్పేవాడు, వెటకారం చేస్తే ఊరుకునేవాడు. ఇది న్యాయమైన మాట. తనే ఇంకొకరితో అనదగిన మాట. నిజంగా తను ముల్లు చెప్పింది వింటున్నాడా, లేక ముల్లు చేత తను అనుకున్నది చెప్పిస్తున్నాడా? అతను గేజి వైపు తిరిగి ముల్లును మళ్ళీ చూశాడు.

ఆ సందు చూసుకుని వెంకాయమ్మ ముందుకొచ్చింది. యాభై దాటినా నడుం వంగని మనిషి, ముదురాకుపచ్చ నేతచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని.

"ఒరేయ్ అంకా, నేనొకటి అడుగుతా, సూటిగా చెప్పు. కింద మెత్తటి మన్ను ఉందన్నది నీకు నూటికి నూరు ఖాయమేనా?"

"కాదత్తా," అన్నాడు అంకారావు. అబద్ధం చెబితే ఆ క్షణంలో గెలిచేవాడు. "అనుమానమే. కానీ గట్టి అనుమానం."

"అనుమానమా!" ఆవిడ గొంతు వాగు అవతలి గట్టుదాకా వినపడింది. "అనుమానం కోసం ఏడాది నీళ్ళాపమంటావా? నీ చెయ్యి పట్టుకుని గుంటూరు హాస్టల్లో దింపొచ్చింది ఇందుకట్రా? నీళ్ళు తెచ్చే చదువనుకున్నానుగానీ నీళ్ళాపే చదువనుకోలా!"

జనం ఘొల్లుమన్నారు. బాషా చెయ్యెత్తి వాళ్ళని ఊరుకోబెట్టాడు. రేపు పొద్దున గుంట తవ్వకం మొదలవుతుందని మేస్త్రీలతో చెప్పాడు. యంత్రం విప్పి లారీలో పెట్టించమని ఇమాం హుస్సేన్‌తో చెప్పి, అంకారావు వైపు చూడకుండానే జీపెక్కాడు.

ఎండ నెత్తికెక్కింది. పని మళ్ళీ మొదలవబోతుందన్న సంబరంలో జనం ఇళ్ళకు పోకుండా, తెచ్చుకున్న చద్దిమూటలతో నాలుగో స్తంభం నీడకు చేరారు. పైన తొట్టి పోయడానికని కట్టిన సెంట్రింగు చెక్కల వల్ల అక్కడ నీడ చిక్కగా ఉంది. బుల్లయ్య పచ్చిమిరపకాయ కొరుకుతూ ఏదో చెబుతుంటే అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు తన గురించేనని అంకారావు అనుకున్నాడు. కాదని చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

అతను చట్రం మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఇనుము చుర్రుమని కాలింది. తియ్యలేదు. ఎవరికి ఎలా చెబితే అర్థమవుతుంది? పడుతున్న ముల్లు గురించి రైతుకి చెబితే నవ్వుతాడు. ఇంజనీరుకి చెబితే అర్థమై కూడా వద్దంటాడు. తప్పు చెబుతున్నానన్న దిగులు మనిషిని ఒకరకంగా తింటుంది. నిజం చెప్పి కూడా నమ్మించలేకపోయానన్న దిగులు ఇంకోరకంగా తింటుంది. తనది ఈ రెంటిలో ఏదో కూడా తేల్చుకోలేకపోతే?

"ఇమాం, మూడడుగులు పక్కకి జరుపుదాం," అన్నాడు చివరికి.

"విప్పమన్నారు సార్ పెద్దాయన." ఇమాం హుస్సేన్ గొంతులో మర్యాద ఉంది, బెదురూ ఉంది. "పిల్లలున్నోణ్ణి. నన్నిందులోకి లాగొద్దండి. బుడాన్ కూడా లారీ కోసం పోయాడు. ఒక్కణ్ణే తిప్పలేను."

"ఇంకో పిడి నేను తిప్పుతాలే."

వెనక్కి తిరిగి చూస్తే వెంకాయమ్మ. చద్దిమూట విప్పనే లేదు, చంకలోనే ఉంది.

"నువ్వెందుకొచ్చావత్తా? తిట్టింది చాల్లేదా?"

"చాల్లేదురా." మూట ఒక రాయి మీద పెట్టింది. "అంతమందిలో ఖాయమంటే సరిపోయేది. నువ్వు అబద్ధమాడకుండా అనుమానమన్నావు. ఆ మాటే నా గొంతులో పచ్చి వెలక్కాయలా పడింది. ఈ కాలవకి భూములియ్యమంటే ఎవరూ ఇయ్యకపోతే, గడపగడపకీ తిరిగి ఒప్పించింది నేను. రేపు ఇది కూలితే వాళ్ళు నీ ఆఫీసుకొస్తారా? నా గుమ్మంలోకొస్తారు. నాకు తేలాలి. ఆ పిడి ఇటియ్యి."

"పెద్దాయన ఆర్డరు..." అన్నాడు ఇమాం హుస్సేన్.

"ఆర్డరు నీకిచ్చాడు. నాకియ్యలేదుగా. నువ్వు ఆ పక్కన ఊరికే చెయ్యేసి నిలబడు."

ఇమాం హుస్సేన్ నవ్వాపుకోలేకపోయాడు. ఊరికే నిలబడలేదు. ముగ్గురూ కలిసి యంత్రాన్ని జరిపి, మర మేకులు మళ్ళీ దించారు.

ఈసారి ఈల వేసేవాళ్ళు లేరు. ఎండిన రేగడి, తడి రేగడి, ఇసుక, అన్నీ పొద్దున వచ్చినట్టే వచ్చాయి. నూటపది. ఎనభై. అరవై.  వెంకాయమ్మ బలమంతా పెట్టి పిడి తోసింది. అది గిర్రున తిరిగిపోయి, ఆవిడ తూలి చట్రం మీద పడబోయింది.

"ఏందిరా ఇది! వెన్నలోకి దిగినట్టు దిగింది!"

ముల్లు అయిదు దగ్గర వణుకుతోంది. తొడుగుతో కలిపి నొక్కితే మాత్రం పక్కలు గట్టిగా పట్టుకుంటున్నాయి. బంకమన్ను. సందేహం లేదు. ఇంకో జాన. నాలుగున్నర. ఇంకో జాన. అయిదు. అంకారావుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 

"చూశావా అత్తా? చూశావా?"

"చూశాలేరా," అంది వెంకాయమ్మ. ఆవిడ ముఖంలో సంతోషం లేదు. "అయితే ఏడాది పోయిందన్న మాట. సరే. ఏడాదే కదా. బావులు దించుతావు, ఆ కింది గట్టి నేల మీద నిలబెడతావు. నేను చెప్పుకుంటాలే వాళ్ళకి. అదెక్కడుందో అదీ చూపించు."

"తొమ్మిది మీటర్ల దగ్గర. తిప్పండి."

తొమ్మిది వచ్చింది. ముల్లు కదల్లేదు. ఇమాం హుస్సేన్ ఇంకో రాడ్డు బిగించాడు. పది. ముల్లు అయిదు మీదే ఉంది. పదకొండు దాటింది, అయినా అంతే.  అంకారావు ఏ చిన్న వణుకైనా కనిపిస్తుందేమోనని, కిందేదో గట్టిది దగ్గరవుతోందని మొన ముందుగా చెబుతుందేమోనని ముల్లు వైపే రెప్పవేయకుండా చూస్తున్నాడు. అది ఏమీ చెప్పలేదు.

"సార్," అన్నాడు ఇమాం హుస్సేన్ మెల్లగా. "రాడ్లయిపోయాయి."

అంకారావు కూలబడ్డాడు. పొద్దున తను తప్పని అన్నారు. తను తప్పు కాదు, సరే. కానీ తను చూపిన దారి కూడా దారి కాదు. బావి దించితే దేని మీద ఆనుతుంది? ఏడాది ఆలస్యమని చెప్పడానికే అన్ని తిట్లు తిన్నాడు. ఇప్పుడు ఎన్నాళ్ళని చెప్పాలి? ఇంతకాలం కొట్లాడింది ఈ గెలుపు కోసమా?

"ఎంతలోతుకెళ్ళింది?"

ముగ్గురూ ఉలిక్కిపడి చూశారు. బాషా. ఎప్పుడొచ్చాడో, జీపు ఎక్కడో దూరాన ఆపి నడిచొచ్చినట్టున్నాడు. బూట్ల నిండా దుమ్ము.

ఇమాం హుస్సేన్ పిడి వదిలేసి పక్కకి జరిగాడు. అంకారావు లేచి నిలబడ్డాడు. "తప్పు నాది సార్. ఇమాంది కాదు..."

"అదడగలేదయ్యా నేను. ఎంతలోతుకెళ్ళిందన్నాను." మళ్ళీ పాత పిలుపు. "జీపెక్కానేగానీ నువ్వు చెప్పిన ఆ అరవై నన్ను వదల్లేదు. పడుతున్నది పడుతుండగానే ఎందుకెగిరిందని దోవంతా అదే లెక్క."

"పధ్నాలుగు మీటర్లు సార్. అడుగు అందలేదు."

బాషా వంగి ముల్లు చూశాడు. ఆ చూపు ముల్లు మీంచి ముగ్గు మీదికి, ముగ్గు మీంచి వాగు వంపు మీదికి, అక్కణ్ణుంచి నాలుగో స్తంభం మీదికి మెల్లగా పోయింది. అది లేచేనాటికి ఈ యంత్రం ఇంకా ఇక్కడికి రాలేదు. ఆ ఇసుక మీదే, ఆ లోతునే, ఆయన దగ్గరుండి పునాది వేయించాడు.

"మూడో దానికీ నాలుగో దానికీ ఒకే ఎత్తున ఎర్ర గీత పెయింటు చేయించాం, చూశావుగా?" అన్నాడు. "లెవెల్ మిషను తీసుకురా."

అంకారావే పరుగెత్తి తెచ్చాడు. బాషా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముక్కాలి పీట నిలబెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా మరలు తిప్పి, ముందు మూడో స్తంభం వైపు చూశాడు. తలూపాడు. గొట్టాన్ని మెల్లగా నాలుగో దాని వైపు తిప్పాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నువ్వు చూడవయ్యా. నా కళ్ళు నాకు నమ్మకంగా లేవు."

అంకారావు వంగాడు. గొట్టంలో అడ్డంగా సన్నని నల్ల వెంట్రుక. మూడో స్తంభం మీది ఎర్రగీత సరిగ్గా దాని మీదే ఉంది. నాలుగో దాని మీది గీత వెంట్రుకకి రెండు వేళ్ళ కిందుగా ఉంది. అంతే అయితే ఏమోగానీ, ఆ గీత అడ్డంగా కూడా లేదు. ఐదో స్తంభం లేవాల్సిన వైపు కొస కిందికి వాలి ఉంది.

అతను తలెత్తాడు. బాషా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పైన సెంట్రింగు ఎంత బరువుంటుంది?"

"కడ్డీలతో కలిపి... చాలా ఉంటుంది సార్."

"ఆ నీడలో కూర్చున్నవాళ్ళని లేపండి," అన్నాడు బాషా. 

వెంకాయమ్మ అప్పటికే పరుగు లంకించుకుంది. నెర్రెల్లో కాలు మడతపడి, లేచి, మళ్ళీ పరుగెత్తుతూ చేతులు రెండూ ఎత్తి అరుస్తోంది. "ఒరేయ్ బుల్లయ్యా! లేవండ్రా! అక్కణ్ణుంచి ఇవతలికి రండ్రా!"

ఎదురుగాలికి ఆ కేక సగంలోనే చెదిరిపోయింది. బుల్లయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు. ఏదో పిలుస్తున్నారని మాత్రం అర్థమైనట్టుంది. అన్నం ముద్ద చేతిలో ఉండగానే చెయ్యి పైకెత్తి, తినేసి వస్తున్నాం ఆగమన్నట్టు ఊపాడు.